బొంతమ్మ సాకిన కుక్క

గవ్వలవాగు మధ్యగా పారే ఆ అడవి పేరు మేడికోన. వాగుకు ఈవల పచ్చిక బయలు ఉండేది. అక్కడ దుప్పుల మంద మేసేది. వాగుకు ఆవల రాళ్ళగుట్ట ఉండేది. ఆ గుట్టలోని ఒక గుహలో ముసలి ఎలుగుబంటి ఒంటరిగా బతికేది. ఇంకా కుందేళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు, అడవికోళ్ళు ఆ కోనలోనే కాపురం ఉండేవి. అన్నింటికీ ఒకటే భయం. లోయలో ఒక చిరుత ఉండేది.

దుప్పుల మందకు పెద్ద కొమ్ములరాయుడు. అంత పెద్ద కొమ్ములు ఆ కోనలో మరే దుప్పికీ లేవు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా అతనికే తెలుసు. ఎవరితో మాట్లాడినా తల కొంచెం పైకెత్తి, తన కొమ్ముల నీడ వాళ్ళ మీద పడేలా నిలబడేవాడు.

ఎలుగుబంటిని అందరూ బొంతమ్మ అని పిలిచేవారు. ఒంటినిండా వేలాడే వెంట్రుకలు పాత బొంతలా ఉంటాయని ఆ పేరు వచ్చింది. ఒక వానాకాలం గుట్ట మీది మట్టి విరిగిపడి ఆమె పిల్ల చనిపోయింది. అప్పటి నుంచి ఆమె ఎవరితోనూ కలిసేది కాదు. పుట్టలు తవ్వి చెదలు తినేది. ఇప్పచెట్ల కింద రాలిన పూలు ఏరుకుని తినేది. గుహకు వచ్చి పడుకునేది.

ఒక ఏడు వానలు తగ్గాక గొర్రెల కాపరులు తమ మందలను తోలుకుంటూ ఆ అడవి గుండా పోయారు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, ఒక ఇప్పచెట్టు కింద కుక్కపిల్ల కనిపించింది. వాగు దాటేటప్పుడు వెనకబడిపోయినట్టుంది. మంచుకు తడిసి వణుకుతోంది. అయినా తనను చూడవచ్చిన ప్రతి జంతువుకూ తోక ఊపుతోంది.

జంతువులన్నీ దాని చుట్టూ చేరాయి. మనుషుల దగ్గర పుట్టిన జీవం మనకెందుకని కొండముచ్చు అన్నాడు. దాని కోసం వేటగాళ్ళు వస్తారేమోనని కుందేళ్ళు భయపడ్డాయి. తీసుకుపోయి బాట మీద వదిలేద్దామని ముళ్ళపంది సలహా చెప్పింది.

అప్పుడు కొమ్ములరాయుడు ముందుకు వచ్చాడు.

"ఇది పెరిగితే చిరుత వాసన దూరం నుంచే పసిగట్టి మొరుగుతుంది. నా మందకు కాపలా ఉంటుంది. దీన్ని నేను పెంచుతాను," అన్నాడు.

రాయుడి మనసు ఎంత పెద్దదో అని అందరూ మెచ్చుకున్నారు. అతను ఆ మాటలు తృప్తిగా విన్నాడు.

మొదటి కొన్నాళ్ళు అంతా సరదాగానే గడిచింది. కుక్కపిల్ల సీతాకోకచిలుకల వెంట పడి బోర్లా పడేది. రాయుడు నడుస్తుంటే అతని కాళ్ళ మధ్య పరిగెత్తేది. చూసినవాళ్ళు నవ్వేవారు. రాయుడు కూడా నవ్వేవాడు.

కానీ కుక్కపిల్లకు ఆకలి వేసేది. అది గడ్డి తినదు. ఆకలైతే ఊరుకోక మూలిగేది. రాయుడు పడుకునే చోటే తడిపేది. ఏది దొరికితే అది కొరికేది. వేసవిలో రాలిన తన పాత కొమ్మును రాయుడు ఒక పొద కింద పదిలంగా దాచుకున్నాడు. కుక్కపిల్ల దాన్ని బయటికి లాగి, కొసలన్నీ కొరికి పాడుచేసింది. అది చూసి రాయుడు కాలెత్తి తన్నబోయాడు. మందలోని పెద్ద ఆడ దుప్పి తంగేడి అడ్డం వచ్చి, చంటిదానికి ఏం తెలుస్తుందని ఆపింది.

ఆ సాయంత్రమే రాయుడు కుక్కపిల్లను వెంటబెట్టుకుని వాగు దాటి, బొంతమ్మ గుహకు వెళ్ళాడు.

"బొంతమ్మా, దీని తిండీ తిప్పలూ నువ్వు చూసుకో. కాస్త ఎదిగాక పగలు నా బయలులో కాపలా కాస్తుంది. కుక్క మాత్రం నాదే. ఆ మాట మరచిపోకు," అన్నాడు.

బొంతమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాకు వద్దు రాయుడూ. ఒకసారి పెంచి పోగొట్టుకున్నాను. మళ్ళీ ఆ దిగులు పడే ఓపిక నాకు లేదు."

ఆమె ఆ మాట అంటుండగానే కుక్కపిల్ల ఆమె ముందుకాళ్ళ మధ్యకు దూరింది. అక్కడ వెచ్చగా ఉంది. రెండుసార్లు చుట్టూ తిరిగి, ముడుచుకుని పడుకుంది. అప్పుడే నిద్ర కూడా పట్టేసింది. బొంతమ్మ కాలు కదపలేక అలాగే నిలబడిపోయింది. రాయుడు వెళ్ళిపోయాడు.

ఇప్పచెట్టు కింద దొరికింది కాబట్టి బొంతమ్మ దానికి ఇప్పి అని పేరు పెట్టింది.

ఇక ఆమె రోజులు మారిపోయాయి. పొద్దున్నే లేచి ముందు ఇప్పి తిండి చూడాలి. వాగు మడుగుల్లో నిలబడి చేపలు పట్టేది. రాళ్ళు ఎత్తి పీతలు ఏరేది. ముసలి నడుం నొప్పి పుట్టేది. ఇప్పి తిన్నాకనే తన పుట్టల దారి పట్టేది.

పచ్చికలో తిరిగి వస్తే ఇప్పి చెవుల్లో పిడుదులు పట్టేవి. రక్తం తాగి గింజల్లా ఉబ్బి ఉండేవి. బొంతమ్మ గోళ్ళేమో పుట్టలు తవ్వే గోళ్ళు. వాటితో పిల్ల చెవిని తాకాలంటే ఆమెకు భయం. అందుకని పెదవులతో ఒక్కొక్కదాన్నే పట్టి మెల్లగా పీకేది. ఇప్పి ఊరుకునేది కాదు. అటూ ఇటూ మెలికలు తిరిగేది. చివరికి అలిసిపోయి ఆమె పాదం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకునేది.

ఉరిమితే ఇప్పికి వణుకు. గుహలో ఎంత లోపలికి వెళ్ళగలదో అంత లోపలికి వెళ్ళి దాక్కునేది. బొంతమ్మ గుహ వాకిట్లో అడ్డంగా కూర్చుని, మెరుపు లోపలికి కనపడకుండా తన ఒంటితో మూసేసేది. నిజానికి ఉరుము వింటే, మట్టి విరిగిపడిన రోజు గుర్తొచ్చి ఆమె గుండె కూడా దడదడలాడేది. కానీ కదిలేది కాదు.

ఒకసారి ఇప్పి ఒడ్డున కుళ్ళిన చేప తిని జబ్బు పడింది. తిన్నదంతా కక్కింది. నీళ్ళు కూడా ముట్టలేదు. ముక్కు ఎండిపోయింది. బొంతమ్మ మాటిమాటికీ తన ముక్కుతో దాని ముక్కును తాకి చూసేది. ఈ భయం వద్దనే కదా అంతకాలం ఒంటరిగా ఉన్నానని అనుకుంది. అయినా దాని పక్కనుంచి లేవలేదు. మూడో రోజున ఇప్పి ముక్కు మళ్ళీ తడిగా, చల్లగా తగిలింది. బొంతమ్మకు తను కూడా ఆ మూడు రోజులూ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

అయితే కష్టంతో పాటు సంతోషమూ ఉండేది. సాయంత్రం బొంతమ్మ గుట్ట ఎక్కుతుంటే ఆమె అడుగుల చప్పుడు ఇప్పి ఎంతో దూరం నుంచే గుర్తుపట్టేది. ఎదురు పరిగెత్తి వచ్చేది. దాని తోక ఒక్కటే ఊగితే చాలేది కాదు, ఒళ్ళంతా ఊగేది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ఎదురుచూడని గుహకు ఇప్పుడు ఎదురుచూసే ప్రాణం వచ్చింది. బొంతమ్మ నడక తెలియకుండానే చురుకయింది.

ఇప్పి పెద్దదయింది. పగలు వాగు దాటి బయలులో కాపలా ఉండేది, పొద్దు వాలేసరికి గుహకు చేరేది. ఒకనాడు చిరుత పొదల్లో నక్కి బయలు వైపు వస్తుంటే ముందుగా దాని వాసన పట్టింది ఇప్పియే. గొంతెత్తి మొరిగింది. దుప్పులన్నీ తలలెత్తి ఒక్క దూకున చెదిరిపోయాయి. చిరుత ఖాళీ కడుపుతో లోయకు తిరిగిపోయింది. ఆ తరువాత ఎన్నిసార్లు వచ్చినా దానికి అదే అనుభవం ఎదురైంది.

ఇప్పి పేరు పక్క అడవులకు కూడా పాకింది. అక్కడి దుప్పులు చూడటానికి వచ్చేవి. కొమ్ములరాయుడు ఇప్పిని పిలిచి పక్కన నిలబెట్టుకుని, దాన్ని తనే ఎలా చేరదీశాడో, ఎంత శ్రమపడి పెంచాడో వాళ్ళకు వివరంగా చెప్పేవాడు. ఇప్పి తోక ఊపుతూ వినేది. దానికి రాయుడంటే కోపం లేదు. పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళడమే దానికి తెలుసు.

ఒకసారి రాయుడు అలా చెబుతుండగా బొంతమ్మ నోట చేప పట్టుకుని ఆ దారినే వచ్చింది. అంతా విన్నది. చేపను ఇప్పి ముందు పెట్టి, తన దారిన వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలంలో చిరుత తెలివి మార్చింది. గాలికి ఎదురుగా, తన వాసన ఇప్పికి అందని వైపు నుంచి వచ్చింది. మందకు కొంచెం ఎడంగా తంగేడి పిల్ల లేత చిగుళ్ళు తింటోంది. చిరుత దూకేసరికి ఇప్పి దాన్ని చూసింది. మొరగడానికి వ్యవధి లేదు. నేరుగా వెళ్ళి చిరుతకూ పిల్లకూ మధ్య పడింది. పిల్ల తప్పించుకుంది. చిరుత పంజా ఇప్పి భుజాన్ని చీల్చింది. ఈలోపు దుప్పులు గుంపుగా కొమ్ములు దించి రావడంతో చిరుత వదిలేసి పోయింది.

ఇప్పి లేచి నిలబడబోయి పడిపోయింది. అప్పటి నుంచి గుహకు పోలేక బయలులోనే ఉండిపోయింది. బొంతమ్మ ఆ వారమంతా దూరపు అడవిలో పుట్టలు వెతుకుతోంది. ఆమెకు కబురు అందలేదు. ఎండకు గాయం చీము పట్టింది. ఈగలు మూగాయి. పురుగులు పడ్డాయి. మొదట దగ్గరికి వచ్చి పలకరించిన జంతువులే తరువాత వాసన భరించలేక దూరంగా నడవసాగాయి.

రాయుడు దాన్ని బయలు అవతలికి లాగి పడేయమని మందకు చెప్పాడు.

"ఆ కంపుకు చిరుత రాదా? ఈగలు మన మేత మీద వాలుతున్నాయి. మొరగలేని కుక్క నాకెందుకు?" అన్నాడు.

"అది కాపాడింది నా బిడ్డను, రాయుడూ," అంది తంగేడి.

రాయుడు ముఖం తిప్పుకున్నాడు. తంగేడి తన పిల్లను వెంటబెట్టుకుని దూరపు అడవికి వెళ్ళి, బొంతమ్మను వెతికి సంగతి చెప్పింది.

బొంతమ్మ వచ్చింది. ఇప్పి కళ్ళు తెరిచి తోక కొసను మాత్రం కదిలించింది. బొంతమ్మ దాన్ని ముక్కుతో తాకింది. తరువాత రాయుడి వైపు తిరిగింది.

"కుక్క నాదే అన్నావు కదా రాయుడూ. ఇవాళ కూడా ఆ మాట అంటావా?"

"నీకు కావాలంటే తీసుకుపో," అన్నాడు రాయుడు.

బొంతమ్మ నేలకు వంగింది. తంగేడి తలతో ఎత్తి సాయం పట్టగా ఇప్పి ఆమె వీపు మీదికి చేరి, పొడుగాటి వెంట్రుకల్లో ముఖం దాచుకుంది. ఎలుగుబంట్లు తమ పిల్లలను మోసుకుపోయేది అలాగే. బొంతమ్మ వాగు దాటి, గుట్ట ఎక్కి, గుహ చేరేదాకా ఎక్కడా ఆగలేదు.

అది ఇప్పపూలు రాలే కాలం. ఏడాది పొడుగునా ఎలుగుబంట్లు ఎదురుచూసే కాలం. చెట్ల కింద పూలు పరుపుల్లా పడి ఉన్నాయి. పక్క కోనల ఎలుగుబంట్లన్నీ వచ్చి కడుపునిండా తింటున్నాయి. బొంతమ్మ మాత్రం సీతాఫలం ఆకు నమిలి ఆ రసం గాయంలో పిండేది. పురుగులు బయటికి వచ్చాక నాలుకతో శుభ్రం చేసేది. పైన గాయపాకు నమిలి అద్దేది. ఇప్పి నొప్పితో ఒక్కోసారి ఆమెనే కరవబోయేది. అంతలోనే తప్పు తెలుసుకుని ఆమె పాదాన్ని నాకేది.

"నొప్పి నిన్ను కరుస్తోంది, నువ్వు నన్ను కరుస్తున్నావు. అంతే కదా తల్లీ," అనేది బొంతమ్మ.

పూల కాలం అయిపోయింది. బొంతమ్మ బాగా చిక్కిపోయింది. గాయం మానింది. కానీ ఇప్పి ముందుకాలు ఒకటి మునుపటిలా నిలవలేదు. మూడు కాళ్ళ మీద బరువు వేసి, నాలుగోది ఆనీ ఆనకుండా నడిచేది.

వానలు వచ్చాయి, పోయాయి. పచ్చిక బయలులో మొరుగు వినిపించడం లేదని చిరుత తెలుసుకుంది. ముందు ఒక ముసలి దుప్పిని తీసుకుపోయింది. తరువాత ఒక పిల్లను. దుప్పులకు మేత మీద ధ్యాస పోయింది. ఆకు కదిలినా అదిరిపడేవి.

బొంతమ్మ దగ్గరికి వెళ్ళి మంచిగా అడగమని తంగేడి రాయుడికి చెప్పింది. నా కుక్క కోసం నేను ఒకరిని బతిమాలడమేమిటని రాయుడు అన్నాడు. అయినా మంద పోరు పడలేక ఒక సాయంత్రం వాగు ఒడ్డుకు వచ్చాడు. నీళ్ళలో కాలు పెట్టలేదు. ఈవలి ఒడ్డునే నిలబడి, పాత రోజుల్లో పిలిచినట్టే ఇప్పిని పిలిచాడు.

గుహ ముందు పడుకున్న ఇప్పి చెవులు నిక్కించింది. లేచి నిలబడింది. తోక కూడా ఊపింది.

"అమ్మా, ఆయన పిలుస్తున్నాడు," అంది.

బొంతమ్మ గుండె బరువెక్కింది. అయినా దారికి అడ్డం నిలబడలేదు.

"నీ ఇష్టం తల్లీ. వెళ్ళాలనుంటే వెళ్ళు. వాగు దాటేటప్పుడు ఆ కాలు జాగ్రత్త."

ఇప్పి కుంటుకుంటూ నీళ్ళ దాకా వెళ్ళింది. అక్కడ ఆగి రాయుడిని చూసింది.

"చిరుత వస్తే మీకు వినపడేలా ఇక్కడి నుంచే మొరుగుతాను. ఈ గుట్ట కిందికి వచ్చి మేసేవాళ్ళకు దగ్గరుండి కాపలా కాస్తాను. నా చోటు మాత్రం ఇదే," అని చెప్పి వెనక్కి తిరిగింది.

మంద అంతా చూస్తుండగా జరిగింది ఇది. రాయుడి ముఖం నల్లబడింది. నా కొమ్ములుండగా కుంటి కుక్క కాపలా నాకక్కరలేదని అందరూ వినేలా అన్నాడు. మర్నాడు తంగేడి తన పిల్లతో వాగు దాటింది. గుట్ట కింద పచ్చిక పలచగా ఉన్నా అక్కడే మేయసాగింది. ఒకటొకటిగా మిగిలిన దుప్పులూ ఆమె వెంట వెళ్ళాయి. బొంతమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. జరిగి చోటిచ్చింది. అంత పెద్ద బయలులో కొమ్ములరాయుడు ఒక్కడే మిగిలాడు.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం మంచు దట్టంగా పట్టింది. రాయుడు నీళ్ళు తాగడానికి వాగుకు వచ్చాడు. ఆవలి ఒడ్డున ఇప్పి ఉలిక్కిపడి లేచింది. గాలి బయలు మీదుగా వీస్తోంది. ఆ గాలిలో చిరుత వాసన ఉంది.

ఇప్పి మొరిగింది. గుట్ట కింద దుప్పులన్నీ తలలెత్తాయి. రాయుడికి కూడా ఆ మొరుగు స్పష్టంగా వినిపించింది. తను ఒంటరిగా ఉన్నాడని తెలిసి, ఆవలికి రమ్మని పిలుస్తోందని అతను అనుకున్నాడు. తలెత్తితే లొంగినట్టవుతుందనుకున్నాడు. తల దించుకుని నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

ఇప్పి గొంతు పగిలేలా మొరిగింది. ఆగలేక చల్లటి నీళ్ళలోకి దిగింది. కుంటికాలు రాళ్ళ మీద జారింది. మళ్ళీ లేచింది. బొంతమ్మ గుట్ట మీది నుంచి పరిగెత్తుకు వచ్చి నీళ్ళలో దూకింది. ఇద్దరూ బయలు వైపు ఒడ్డు చేరేసరికి చిరుత రాయుడి మెడ పట్టేసింది. బొంతమ్మ వెనకకాళ్ళ మీద లేచి గర్జించింది. చిరుత అతన్ని వదిలి మంచులోకి పోయింది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

రాయుడి కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. ఇప్పి దగ్గరికి వెళ్ళి అతని ముఖాన్ని నాకింది. "నా కోసమే మొరిగావా," అని అతను అడిగాడు. జవాబు వినేదాకా బతకలేదు.

దుప్పులు వచ్చి కాసేపు నిలబడి వెళ్ళాయి. ఇప్పి మాత్రం చాలాసేపు అక్కడే కూర్చుంది. బొంతమ్మ తొందరపెట్టలేదు. అది తనంతట తాను లేచేదాకా పక్కనే కూర్చుని, దాని తడి ఒంటిని నాకి ఆరబెట్టింది.

ఆ తరువాత కొన్నాళ్ళు ఇప్పి తిండి సరిగా తినలేదు. బొంతమ్మ రోజూ చేప తెచ్చి ముందు పెట్టేది. అది ముట్టకపోతే తీసేసి, మర్నాడు తాజాది తెచ్చేది. ఒకనాటి మధ్యాహ్నం తంగేడి పిల్ల వచ్చి ఇప్పి పక్కన ఒరిగి పడుకుంది. ఇప్పి దాని చెవులు వాసన చూసింది. కాసేపటికి చేపను దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. దూరం నుంచి బొంతమ్మ, తంగేడి చూస్తూ నిలబడ్డారు.

అప్పటి నుంచి గుట్ట కింద దుప్పులు నిశ్చింతగా మేసేవి. చిరుత ఎటు నుంచి వచ్చినా ఇప్పి మొరిగేది, బొంతమ్మ గుహ నుంచి బయటికి వచ్చేది. కొంతకాలానికి చిరుత ఆ కోన వదిలి వేరే లోయకు వెళ్ళిపోయింది. ముసలి ఎలుగుబంటి పుట్టలు తవ్వలేని రోజున దుప్పులు పండ్ల కొమ్మలు విరిచి తెచ్చి గుహ ముందు వేసేవి.

ఒక ఉదయం తంగేడి మనసులో ఉన్న మాట అడిగింది.

"అక్కా, కుక్కల ఆయుష్షు తక్కువంటారు. నీ కంటే ముందే ఇది పోతే ఏం చేస్తావు?"

బొంతమ్మ తల తిప్పింది. ఎండలో వెల్లకిలా పడి ఒళ్ళు రుద్దుకుంటున్న ఇప్పిని చూసింది.

"ఏడుస్తాను," అంది. "అందాకా దీనికి రోజూ చేపలు పట్టాలి కదా."

అలా అని వాగు వైపు నడిచింది. ఇప్పి లేచి, ఒళ్ళు దులుపుకుని, కుంటుకుంటూ ఆమె వెంట వెళ్ళింది.

నీతి: ఒక ప్రాణిని చేరదీసినవారు దానివల్ల కలిగే సంతోషంతో పాటు దాని ఆకలినీ, జబ్బునీ, దిగులునీ కూడా తమవిగా మోయాలి. పేరు కోసం పెంచి కష్టంలో వదిలేసినవాడు చివరికి ఒంటరివాడవుతాడు.